చూసుకోకుండా రాసుకున్న బీపీ

గాజులవ్వ తన బొటనవేలు నా మణికట్టు మీద నుంచి తీసింది. తీసిన చోట చిన్న గుంత నిలబడిపోయింది. ఒకటి, రెండు, మూడు అని మనసులో లెక్కపెట్టుకుంటూ దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఐదు దాకా వచ్చినా అది పూడలేదు. 

"ఇది నీ చెయ్యి కాదు తల్లీ," అన్నది గాజులవ్వ.

నేను ఏఎన్‌ఎంను, పల్లె నర్సును. జమ్మలమడుగు నుంచి ఆటోలో ఇరవై నిమిషాలు పట్టే పల్లెలో ఎనిమిదేళ్ళుగా నా ఉద్యోగం. కడుపుతో ఉన్న ఆడవాళ్ళ కాళ్ళ మీద బొటనవేలు నొక్కి, గుంత పడిందా లేదా అని చూడడం నా రోజువారీ పని. గుంత పడి నిలబడితే ఒంట్లో నీరు చేరిందని అర్థం. అలాంటి గుంత నా చేతి మీదే కనిపించేసరికి, నాకు ముందు భయం వేసిందా, సిగ్గు వేసిందా అని ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. అప్పుడు నాకు ఆరో నెల. మూడో కాన్పు.

పిల్లలు పడుకున్నాక కూర్చుని ఇది రాస్తున్నాను. మొదటిసారి తల్లి కాబోయే చెల్లెళ్ళకు, కొత్తగా నా ఉద్యోగంలో చేరే చెల్లెళ్ళకు ఏమైనా పనికొస్తుందేమో. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ పనికొస్తుందో చెప్పలేను. ఆ నెలల్లో నేను ఇద్దరి తప్పులూ కలిపి చేశాను.

కడుపుతో ఉన్నవాళ్ళకు నేను చెప్పే పాఠం ఒకటుంది. మొదటి మూడు నెలలు వాంతులవి, చివరి మూడు నెలలు బరువువి, నడిమి మూడు నెలలు మాత్రం మీవి అని మొదలుపెట్టేదాన్ని. నాలుగో నెల దాటితే అన్నం సయిస్తుంది. అంతకుముందు పోపు వాసనకు వీధిలోకి పరిగెత్తినవాళ్ళే ఇప్పుడు వంటింట్లో గిన్నె అడుగు గీకి తింటారు. ఐదో నెలలో ఒకరోజు, తిని గోడకు ఆనుకుని కూర్చున్నప్పుడు, కడుపులో చేపపిల్ల తోక తిప్పినట్టు ఉంటుంది. గ్యాసనుకుంటారు. గ్యాసు కాదు, లోపలి మనిషి మిమ్మల్ని పలకరిస్తున్నట్టు. తొలిచూలు వాళ్ళకు ఇది తెలియడం కొంచెం ఆలస్యం, తర్వాతి కాన్పుల వాళ్ళకు తొందర. రాత్రిపూట పిక్కలు పట్టేస్తాయి. గుండెల్లో మంట, ముక్కు దిబ్బడ, పళ్ళు తోముకుంటే చిగుళ్ళలో నెత్తురు, బొడ్డు కింద నల్లగీత. ఐరన్ మాత్రలు మింగితే దొడ్డికి నల్లగా అవుతుంది, బెదరొద్దండి. ఇక్కడికి వచ్చేసరికి అందరూ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. ఐదో నెలలో స్కానింగు, ఎడమ పక్కకు తిరిగి పడుకోవడం, నీళ్ళు తాగడం, అన్నీ కథలాగా చెప్పేదాన్ని.

చివర్లో ఇంకో ముక్క ఉండేది. తలనొప్పి తగ్గకపోతే, కళ్ళు మసకబారితే, ముఖమూ చేతులూ వాస్తే, పొట్ట పైభాగంలో నొప్పి వస్తే, నెత్తురు గానీ నీరు గానీ పోతే వెంటనే రండి. దీన్ని మాత్రం ఒక్క ఊపిరిలో, టీ గ్లాసులు వచ్చే హడావిడిలో చెప్పేసేదాన్ని. జమ్మలమడుగు బస్టాండులో మైకు చెప్పే మాటల్లాగా అది వాళ్ళ చెవుల పక్కనుంచి పోయేది. చెప్పేదాని చెవుల పక్కనుంచి కూడా పోయేదని ఆలస్యంగా తెలిసింది.

నా తప్పు ఇంతకంటే పెద్దది. దాన్ని దాచకుండా రాస్తాను.

నెలకోసారి గర్భిణుల పరీక్షల రోజు ఉంటుంది. ముప్పై నలభై మంది వస్తారు. బరువు, రక్తం, బీపీ, పొట్ట కొలత. ప్రతి ఒక్కరి చేతిలో తల్లీబిడ్డల కార్డు. అందులో రాసింది మళ్ళీ ఫోనులో యాప్‌లోకి ఎక్కించాలి. నా కార్డు అన్నిటికంటే అడుగున ఉండేది. మూడో నెలలో పేరు రాయించుకున్నప్పుడు మా డాక్టరమ్మే పట్టీ చుట్టి బీపీ చూసింది. 110/70. నాలుగో నెలలో నా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. కరెంటు లేదు, అన్నం తినలేదు, బీపీ మిషను అప్పటికే సంచిలో సర్దేశాను. యాప్‌లో ఆ గడి ఖాళీగా ఉంటే ముందుకు కదలదు. నా బీపీ నాకు తెలియదా అనుకుని 110/70 రాసేశాను. ఐదో నెలలో చెయ్యి దానంతట అదే రాసింది. ఆరో నెలలో పైన గడిలో ఏముందో కూడా చూసుకోలేదు.

మా డాక్టరమ్మ కోస్తా జిల్లా పిల్ల. నాకంటే నాలుగేళ్ళు చిన్నది. ప్రతి నెలా సంతకం పెట్టే ముందు, "మీది చూశారా సిస్టర్?" అని మర్యాదగా అడిగేది.

"చూసుకున్నా మేడం," అనేదాన్ని.

ఆ నెలలోనే ఉంగరం బిగుసుకుంటే తీసి డబ్బాలో పెట్టాను. ఎండలకు అనుకున్నాను. మూడు వారాలుగా తల బరువుగా ఉంటే ఫోను చూసి చూసి అనుకున్నాను. మా అత్తయితే నన్ను చూసి మురిసిపోయేది. "మొగమంతా నిండుగా అయిందిమే. కళ వచ్చింది. ఈసారి ఆడపిల్లే," అని పక్కింటామెతో చెప్పుకునేది. ఆ కళ నీరని నాకు తట్టలేదు. వేరే ఆడమనిషి ముఖం అలా ఉంటే గేటు దగ్గరే ఆపి అడిగేదాన్ని.

ఇప్పుడు ఆ రోజుకు వస్తాను.

మా పల్లె అంగన్‌వాడీలో అప్పుడప్పుడు కడుపుతో ఉన్నవాళ్ళందరికీ కలిపి శ్రీమంతం చేస్తారు. ఒకే వరసలో కుర్చీలు వేసి, అందరికీ బొట్టు, పూలు, గాజులు, నువ్వుండలు. ఎవరింట్లో చేసినా చేయకపోయినా ఇక్కడ మాత్రం అందరికీ జరుగుతుంది. ఆ రోజు తొమ్మిది మంది వచ్చారు. గాజులు వేయడానికి జమ్మలమడుగు నుంచి గాజులవ్వ వచ్చింది. ఆమె సాయిబుల ముసలమ్మ. కొడుకు కువైట్‌లో ఉన్నాడు, ఇంక వద్దు మానెయ్యమ్మా అంటాడు. ఈమె మానదు. ఈ చుట్టుపక్కల ఏ ఆడదాని చెయ్యి పట్టుకున్నా కళ్ళు మూసుకుని సైజు చెప్పేస్తుంది. నా పెళ్ళి గాజులు ఆమె వేసినవే.

నేను పాఠం ముగించి లేవబోతుంటే అంగన్‌వాడీ టీచర్ నా భుజం పట్టుకుని కూర్చోబెట్టింది.

"యాడికి పోతాండావక్కా? నీకు మాత్రం కడుపు కాదా అది? కూచో ఈడ."

"నేను డ్యూటీలో ఉండాను పా."

"డ్యూటీలో ఉంటే గాజులు ఎక్కవా ఏంది? అవ్వా, మా మేడంకు ముందు ఎయ్యి."

అందరూ నవ్వారు. నాకు గంధం పూశారు, తల్లో పూలు పెట్టారు. గాజులవ్వ నా ఎడమ చేతికి ఆకుపచ్చ గాజులు ఎక్కించడానికి పిడికిలి ముడిపించి, వేళ్ళు నలిపి, మెల్లగా తోసింది. గాజు బొటనవేలి మొదట్లో ఆగిపోయింది. మళ్ళీ తోసింది. చెయ్యి నొప్పెట్టింది కానీ గాజు కదలలేదు.

"ఏందవ్వా, సైజు తప్పు తెచ్చినావా?" అన్నాను నవ్వుతూ.

"నేను తప్పు తెచ్చేది యాడన్నా ఉండాదా? నీ పెండ్లికి రెండూ ఆరు. పెద్దదాని కడుపుకు రెండూ ఆరు. చిన్నోని కడుపుకు తొమ్మిదో నెల్లో కూడా రెండూ ఆరే ఎక్కిచ్చినా. ఇప్పుడు నీకు ఎన్నో నెల?"

"ఆరు."

"ఆరుకు ఇట్లెట్ల అయితాది?"

"కడుపుతో ఉంటే రొంత ఒళ్ళు చేస్తారు గదవ్వా. రెండూ ఎనిమిది ఎయ్యి."

గాజులవ్వ నా చేతిని తన ఒళ్ళోకి లాక్కుంది. వేళ్ళ దగ్గర నుంచి మణికట్టు దాకా పిండి ముద్దను చూసినట్టు చూసింది. అప్పుడే బొటనవేలు నొక్కింది. గుంత పడింది. ఇది నీ చెయ్యి కాదు తల్లీ అన్నది.

"ఒళ్ళు చేస్తే గుంత పడదు," అని మళ్ళీ తనే అన్నది. "రెండూ ఎనిమిది ఎయ్యను. ఈ పొద్దు ఎక్కుతాది, రేపు దిగదు. ముందు ఇదేందో చూపిచ్చుకోపో."

కుర్చీల వరసలో నవ్వులు ఆగిపోయాయి. నేను ఇంతకుముందే కదా వాళ్ళకు చేతులు వాస్తే వెంటనే రమ్మని చెప్పింది. తొమ్మిది మంది కళ్ళూ నా చేతి మీదే ఉన్నాయి.

నా పక్కన మా ఆశా కార్యకర్త నిలబడి ఉంది. నా తల్లి వయసు మనిషి. పదిమందిలో నన్ను మేడం అంటుంది, ఇద్దరమే ఉన్నప్పుడు పాపా అంటుంది. ఆమె నా సంచిలోంచి బీపీ మిషను తీసింది.

"ఇప్పుడే నిలబడి మాట్లాడినా కదా. ఐదు నిమిషాలు గమ్మున కూర్చున్నాక చూడాలి," అన్నాను. అది నిజమే. పద్ధతి అదే. కానీ నేను పద్ధతి కోసం అనలేదు, ఐదు నిమిషాలు దొరుకుతాయని అన్నాను.

 ఈలోగా అంగన్‌వాడీ టీచర్ నా చేతిలో నువ్వుండ పెడితే ఆశా అక్క దాన్ని లాక్కుని గిన్నెలో వేసింది. తర్వాత పట్టీ చుట్టి బటన్ నొక్కింది. పట్టీ బిగిసి, సడలి, మిషను కూసింది.

154/102.

"బ్యాటరీ వీకైనట్టుంది," అన్నాను.

వరసలో చివర ఇరవై ఏళ్ళ పిల్ల ఒకతి కూర్చుని ఉంది. తొలిచూలు, ఐదో నెల. పోయిన నెల ఐరన్ మాత్రలు మింగకుండా బియ్యం డబ్బాలో దాచిందని వాళ్ళ అత్త చెబితే, ఆ పిల్లను అందరిలో కడిగేశాను. ఆ పిల్ల లేచి వచ్చి తన చెయ్యి చాపింది.

"నాకు చూడక్కా. బ్యాటరీ సంగతి తెలుస్తాది."

ఆశా అక్క చూసింది. 112/74. మళ్ళీ నా చేతికి చుట్టింది. 156/102.

"బ్యాటరీకి నీ ఒక్కదాని మీదే కోపమా పాపా?" అన్నది ఆశా అక్క. అందరిలో నన్ను పాపా అనడం అదే మొదటిసారి.

ఆ తర్వాత వచ్చింది అసలు ప్రశ్న. ఆ ఇరవై ఏళ్ళ పిల్లే అడిగింది. "మీ కార్డు చూపీండి మేడం. పోయిన నెల ఎంత ఉన్యాదో చూస్తాం."

సంచిలో కార్డు ఉంది. ఇంట్లో మర్చిపోయానని చెప్పడానికి నోరు తెరిచాను కూడా. ఆశా అక్క అప్పటికే తీసింది. ఆ పిల్ల వేలు పెట్టి ఒక్కో గడీ చదివింది.

"నూటా పది, డెబ్బై. నూటా పది, డెబ్బై. నూటా పది, డెబ్బై. నూటా పది, డెబ్బై." తలెత్తి నా వైపు చూసింది. "ఇదేంది మేడం, అన్ని నెలలూ ఒకటే? మాకు నెలకొకటి వస్తాది గదా."

వేళాకోళం కోసం అడగలేదు. నిజంగానే అర్థం కాక అడిగింది. అందుకే తప్పించుకోవడానికి దారి లేకపోయింది.

"మొదటిదే నిజం," అన్నాను. "తక్కిన మూడూ నేను చూసుకోకుండా రాసుకున్నా."

 నన్ను తిట్టే అవకాశం తొమ్మిది మందికీ ఒకేసారి దొరికింది. ఒక్కరూ వాడుకోలేదు. ఆ పిల్ల మాత్రం నెమ్మదిగా, "నేనన్నా మాత్రలు దాచినా గానీ మింగినానని రాయల్యా," అన్నది. అంతే. అంగన్‌వాడీ టీచర్ పకపకా నవ్వేసింది. నవ్వి, వెంటనే కళ్ళు తుడుచుకుంది.

ఆశా అక్క కార్డు మడిచి నా ఒళ్ళో పెట్టింది. "నువ్వు రాసేటప్పుడు పక్కన నేనూ ఉంటిని. నేనూ అడగల్యా. తప్పులో నాకూ పాలుండాది. లే ఇంగ, పోదాం."

"రేపు పొద్దున పోతాలే అక్కా. ఈ పొద్దు పిల్లోళ్ళు బడి నుంచి వస్తారు. మా ఆయన పులివెందుల్లో ఉండాడు. కార్యక్రమం నడిమిట్లో ఉండాది."

"ఈ మాట మాతో ఎవరన్నా అంటే నువ్వేం జెప్తావు?"

ఏం చెబుతానో నాకు తెలుసు. ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు. కడుపులోది రేపటిదాకా ఆగుతుందని నీకు ఎవరు హామీ ఇచ్చారమ్మా అంటాను. పిల్లలు, భర్త, పాలు కాచేది, అన్నీ ఒకపూట ఆగుతాయి అంటాను. గొంతు పెంచి కూడా అంటాను. ఆ మాటలు నా మీదికి తిరిగి రావడం కంటే అంబులెన్సు ఎక్కడమే నయమనిపించింది.

డాక్టరమ్మకు ఫోను చేశాను. అంకె చెప్పాను. పోయిన నెల ఎంత అని అడిగింది. చూసుకోలేదని చెప్పాను.  ఆమె జవాబు వచ్చేలోపు నేను ఊహించుకోగలిగినవన్నీ ఊహించుకున్నాను.

"సంతకం పెట్టింది నేనే కదండీ," అన్నది చివరికి. "తిట్లు తర్వాత చూసుకుందాం, ఇద్దరం కలిపి పడదాం. ముందు ప్రొద్దుటూరుకి బయల్దేరండి. కళ్ళు మసకలు ఉన్నాయా? పైకడుపు నొప్పి?"

"లేవు మేడం."

"నిజంగా లేవా, రాసేశారా?"

నాకు నవ్వొచ్చింది. "నిజంగా లేవు మేడం."

108 బండి వచ్చింది. గాజులవ్వ నా చేతికి కొబ్బరినూనె రాసి, నొప్పి లేకుండా గాజు వెనక్కి తీసింది. "బిడ్డ పుట్టినాక నేనే వచ్చి ఎక్కిస్తా. రెండూ ఆరే," అన్నది. బండిలో ఉన్న తమ్ముడు నన్ను గుర్తుపట్టి, "కేసు యాడుంది మేడం?" అని నా వెనక వెతికాడు. తల్లో పూలు, చెంపల మీద గంధం, నుదుటి నిండా కుంకుమతో ఉన్న నేనే కేసునని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆశా అక్క చెప్పింది. దారి పొడవునా ఎడమ పక్కకు తిరిగి పడుకుని, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, ఒక్క కదలిక కోసం కాచుకున్నాను. ఎనిమిదేళ్ళుగా ఆ దారిలో ఎంతోమందిని పంపాను. ఆ రోడ్డు మీద గతుకులు అన్ని ఉన్నాయని నాకు అంతవరకు తెలియదు. ఒక గతుకు దగ్గర లోపలి మనిషి గట్టిగా తన్నింది. ఆశా అక్కకు చెబితే, "దానికీ నీ మీద కోపమే," అన్నది.

ప్రొద్దుటూరు పెద్దాసుపత్రిలో చూసిన డాక్టరమ్మ పెద్దామె. మా జిల్లా మనిషే. మూత్రం పరీక్షలో ప్రొటీన్ పోతోందని తేలింది. రక్తం తీశారు, బీపీకి మాత్ర ఇచ్చారు. తర్వాత స్కానింగు బల్ల మీద పడుకోబెట్టారు. జిగురు రాసి యంత్రం ఆనించగానే గది నిండా గుండె చప్పుడు, గుర్రం పరిగెత్తినట్టు. ఆ చప్పుడు నేను వేరేవాళ్ళ పొట్టల మీద ఎన్నో సార్లు విన్నాను, విని అంకె రాసుకున్నాను. ఆ రోజు ఏ అంకే గుర్తుకు రాలేదు. ఏడ్చాను.

"ఏం పని చేస్తావ్?" అని అడిగింది పెద్ద డాక్టరమ్మ.

"ఏఎన్‌ఎంను మేడం."

"అయితే నీకు తిట్లు రెండింతలు. ఎన్నాళ్ళ నుంచి తలనొప్పి?"

"రొంత..."

"రొంత అంటే ఎన్ని దినాలు?"

"మూడు వారాలు."

ఆమె తిట్టలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని నెమ్మదిగా చెప్పింది. "ఈ బిడ్డ ఇప్పుడు ఆరు వందల గ్రాములుండాది. ఇప్పుడు బయటికొస్తే దాని పాట్లు నీకు జెప్పాల్సిన పనిలేదు. బీపీని పట్టుకుంటే లోపల ఇంకా పెరుగుతాది. ఒక్కో వారం దానికి ఒక్కో మెట్టు. నీ పని ఇప్పుడు పడుకునేది, మాత్ర మింగేది, ఏ మార్పొచ్చినా దాచకుండా చెప్పేది. చేతనైతాదా?"

అంతకంటే కష్టమైన పని నాకు ఎవరూ అప్పజెప్పలేదు. చేతనవుతుందని చెప్పాను.

సాయంత్రానికి మా ఆయన పులివెందుల నుంచి వేంపల్లె మీదుగా బస్సులు మారి వచ్చాడు. అక్కడ కాలేజీలో పాఠాలు చెబుతాడు. ఆత్రంలో ఇంటికి పోకుండా, దారిలో దొరికినవన్నీ కొనుక్కొచ్చాడు. మూడు దువ్వెనలు, రెండు కొబ్బరి బొండాలు, ఒక జత చంటిపిల్ల సాక్సులు. ఆ సాక్సులు చూసి వార్డు మొత్తం నవ్వింది. "ఇంగా టైముందన్నా," అని పక్క మంచం ఆమె ఓదార్చింది. నాలుగు గంటలకొకసారి స్టాఫ్ నర్సు వచ్చి బీపీ చూసేది. ఆమె ఏం రాస్తోందా అని నేను మెడ సాచి కాగితంలోకి చూసేదాన్ని. ఆమె మూడోసారి కాగితం తన గుండెకు ఆనించుకుంది. "సిస్టర్, నా రాత నాకు వదిలేయండి. నేను చూసే రాస్తాను," అన్నది. నా కథ అప్పటికే ఆసుపత్రి అంతా పాకిందని అర్థమైంది.

ఆరు రోజులు అక్కడ ఉన్నాను. తర్వాత ఇంట్లో మాత్రలు, పడక, వారానికి రెండుసార్లు ఆశా అక్క చేత బీపీ. ఆమె మిషను ముఖం నా వైపు తిప్పేది కాదు, తన డైరీలో రాసుకున్నాకే చెప్పేది. ముప్పై ఏడో వారంలో పెద్ద డాక్టరమ్మే కాన్పు చేసింది. రెండుంపావు కిలోల ఆడపిల్ల. తన జోస్యం నిజమైనందుకు మా అత్త ఇప్పటికీ నీళ్ళ వాపును కళ అనే అంటుంది. గాజులవ్వ మాట ప్రకారం వచ్చింది. రెండూ ఆరు సైజు జారిపోయేంత సులువుగా ఎక్కింది.

ఇప్పుడు మా ఆసుపత్రిలో ఎవరి కార్డు వాళ్ళు నింపుకోకూడదు. పెద్ద ఉత్తర్వేమీ రాలేదు. మా డాక్టరమ్మ గోడ మీద చేత్తో రాసి అంటించింది. ఉద్యోగంలో ఉండి కడుపుతో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉంటే ఆ రోజు మొదటి పట్టీ వాళ్ళకే చుడతారు. కొత్తగా చేరే చెల్లెళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. పనిలో మనకు అలవాటైనదే మన కంటికి కనిపించకుండా పోతుంది. ఇక తల్లి కాబోయే చెల్లెళ్ళకు: నడిమి మూడు నెలలు మీవే. తినండి, తిరగండి, ఆ చేపపిల్ల తోక కదిలినప్పుడు ఆగి వినండి. కానీ తల బరువు, చేతుల వాపు వచ్చినప్పుడు ఎండ మీదకీ, కళ మీదకీ నెట్టకుండా ఒకసారి చెయ్యి చాపి పట్టీ చుట్టించుకోండి. లీవు అయిపోయి మళ్ళీ చేరాక నేను పాఠం తలకిందులుగా మొదలుపెడతాను. టీ గ్లాసులు రాకముందే ప్రమాదాల ముక్క చెప్పేస్తాను.

అయితే ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆసుపత్రిలో చేరిన మరుసటి పొద్దున ఏం జరిగిందో చెప్పి ముగిస్తాను.

ఇడ్లీ డబ్బా పట్టుకుని మా అత్త పిల్లలిద్దరినీ వెంటబెట్టుకొచ్చింది. పెద్దది రెండో తరగతి. చిన్నోనికి నాలుగేళ్ళు. అమ్మ ట్రైనింగుకు పోయిందని మా అత్త వాళ్ళకు చెప్పింది. నేనూ అదే చెబుదామని సిద్ధంగా ఉన్నాను. పిల్లల్ని భయపెట్టడం ఎందుకని. పెద్దది వార్డంతా ఒకసారి చూసింది. నా చేతికి ఉన్న సూది చూసింది.

"ట్రైనింగులో మంచం గూడా ఇస్తారా?" అన్నది.

మా అత్త నవ్వు దాచుకోవడానికి కిటికీ వైపు తిరిగింది. నేను ట్రైనింగు అనబోయాను. ముందురోజు అంగన్‌వాడీలో ఆ ఇరవై ఏళ్ళ పిల్ల నా కార్డు గడులు చదివిన గొంతు చెవిలో ఇంకా ఉంది. ఇంకొక్క గడి చూడకుండా నింపాలనిపించలేదు.

"ట్రైనింగు కాదు నాయనా," అన్నాను. "అమ్మకు బీపీ ఎక్కువైంది. అమ్మ ఊరందరికీ చూసింది, తనకు చూసుకోలేదు. చూసుకున్నట్టు కార్డులో రాసింది."

"అబద్ధం రాసినావా?"

"ఊ."

"పాపకు దెబ్బ తగిలిందా?" అని చిన్నోడు మంచం ఎక్కబోయాడు.

"లేదు. లోపల బాగుండాది. నిన్న దాని గుండె విన్నా. గుర్రం మాదిరి పరిగెత్తుతాంది."

పెద్దదానికి గుర్రం పట్టలేదు. దాని దిగులు వేరే. "పెన్సిలుతో రాసినావా, పెన్నుతోనా?"

"పెన్నుతో."

"అయ్యో. తుడుపుకునేకి కాదు గదా."

"కాదు. అది అట్లనే ఉంటాది. దాని కింద గడిలో ఈ పొద్దు నర్సమ్మ చూసి రాసింది, నూట నలభై రెండు, తొంభై నాలుగు. నిన్నటి మీద తగ్గింది."

"రేపటికి మామూలు అయితాదా?"

అవుతుంది అనడం ఎంత సులువో. దాని కళ్ళు ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నాయి. చిన్నోణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, పెద్దదాని జడ సర్దుతూ వాళ్ళిద్దరికీ చెప్పాను.

"ఏమో నాయనా, నాకూ తెలీదు. రేపు పొద్దున చూస్తారు. చూసినాకే చెప్తా."